ఏదీ, ఓసారి దగ్గండి

ఈ ఉదయం బాపట్లలో మా మందుల షాపు తెరిచి కొత్త సరుకు దింపుకుంటుంటే అట్టపెట్టె అడుగు ఊడి దగ్గు సిరప్ సీసాలు రెండు నేలమీద పడి భళ్ళున పగిలాయి. గాజుముక్కలు ఏరి, మూడుసార్లు తడిగుడ్డ పెట్టి తుడిచినా చెప్పులు గచ్చుకి అతుక్కుంటూనే ఉన్నాయి. పిప్పరమెంటు ఘాటు, పాకం తీపి కలిసిన ఆ వాసన మధ్యాహ్నం దాకా పోలేదు. వచ్చినవాళ్ళందరూ ముక్కు ఎగబీల్చి, "ఏంటండీ ఇవాళ ఇంత వాసన?" అన్నారు. నాకు మాత్రం ఆ వాసన బాగానే ఉంది. నేను పని నేర్చుకున్న రేపల్లె షాపులో సిరప్పుల అర దగ్గర ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. ఆ అర పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునే మనిషి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి బద్ధకం కొంత, సిగ్గు కొంత కారణం. ఆవిడ గురించి రాయాలంటే నేను చేసిన తెలివితక్కువ పని కూడా రాయాలి మరి.

ఆవిడ పేరు కామేశ్వరి గారు. సొంత ఊరు తెనాలి. భర్త అక్కడ కాలేజీలో లెక్చరరు. ఆవిడ రోజూ పొద్దుటి పాసింజరు ఎక్కి రేపల్లె వచ్చి షాపు తెరిచి, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళేవారు. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు, గంజి పెట్టిన నేతచీర. తెనాలిలోనే షాపు పెట్టుకోవచ్చు కదండీ అని ఒకసారి అడిగితే, "అక్కడ వీధికి నాలుగున్నాయి. ఐదోది నేనెందుకమ్మాయ్?" అన్నారు. నేను డి.ఫార్మసీ పూర్తిచేసి, రేపల్లెలో మా పిన్ని ఇంట్లో ఉంటూ ఆవిడ దగ్గర చేరాను. మాది పిట్టలవానిపాలెం దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడపిల్లని నేనే కాబట్టి కాస్త గీర కూడా ఉండేది. ఊళ్ళవాళ్ళు కామేశ్వరి గారిని "డాక్టరమ్మగారూ" అని పిలిస్తే ఆవిడ వెంటనే, "డాక్టర్ని కానండి, మందులమ్మే మనిషిని" అని సరిదిద్దేవారు. నన్ను ఎవరైనా అలా పిలిస్తే నేను సరిదిద్దేదాన్ని కాదు. లోపల సంబరపడేదాన్ని.

చేరిన మొదటి రోజే ఆవిడ పద్ధతి చూసి నాకు నవ్వాగలేదు. ఎవరైనా దగ్గు మందు కావాలని వస్తే ఆవిడ అర వైపు చెయ్యి కూడా చాపేవారు కాదు. కళ్ళజోడు సర్దుకుని, తల కొంచెం పక్కకి వంచి, "ఏదీ, ఓసారి దగ్గండి" అనేవారు. అడిగిన వెంటనే దగ్గడం అంత తేలిక కాదు. పంచె కట్టుకున్న పెద్దమనుషులు సిగ్గుపడి గొంతు సవరించుకునేవాళ్ళు. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని పక్కవాళ్ళ వంక చూసేవాళ్ళు. మందు ఇంట్లో ఉన్న ఇంకెవరికోసమో అయితే, "ఫోన్ కలిపి దగ్గమనండి" అని ఫోను చెవికి అంగుళం దూరంలో పట్టుకుని వినేవారు. ఎదుటి టిఫిన్ హోటలాయన, "మీ షాపుకి రావాలంటే ఇంటి దగ్గర రిహార్సల్ వేసుకుని రావాలండి" అని ఆటపట్టించేవాడు.

"వింటే రోగం తెలిసిపోతుందాండీ?" అని నేను కొంచెం వెటకారంగానే అడిగాను.

"తెలియదు. ఏ సీసా ఇవ్వకూడదో తెలుస్తుంది" అన్నారు. తర్వాత ఓపిగ్గా చెప్పారు. గొంతులో గరగరలాడే పొడిదగ్గు వేరు, ఛాతీలోంచి కఫం కదిలే దగ్గు వేరు. కఫాన్ని పలచబరిచి పైకి తెచ్చే సిరప్ ఒకటి, దగ్గునే నొక్కిపెట్టేది ఇంకొకటి. కఫం నిండిన మనిషికి నొక్కిపెట్టే మందు పోస్తే దగ్గు ఆగుతుంది, కఫం లోపలే ఉండిపోతుంది. రెండూ కలిపి తాగేవాళ్ళయితే తలుపు తీసి పట్టుకుని మళ్ళీ వాళ్ళే గడియ పెట్టుకుంటున్నట్టు. ఇవన్నీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. కానీ నాకు చదువులో సీసాల మీది పేర్లు గుర్తున్నాయి, ఆవిడకి దగ్గే మనుషులు గుర్తుండేవారు. కఫం సిరప్ తీసుకున్న ప్రతివాళ్ళకీ, "మందు ఒక్కటే పనిచెయ్యదండి, గోరువెచ్చని నీళ్ళు బాగా తాగితేనే అది కరిగేది" అని చెప్పి, బీపీ ఉందా, సుగరుందా, వేరే మాత్రలేమైనా మింగుతున్నారా అని అడిగి, తాగాక మగతగా ఉంటే బండి నడపొద్దని చెప్పి గాని పంపేవారు కాదు.

కొలత మూత విషయంలో మరీ చాదస్తం. సీసాతో వచ్చే ఆ చిన్న ప్లాస్టిక్ మూతలో గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవారు. ఒక పూజారి గారు, మెత్తని మనిషి, ఎన్నాళ్ళు తాగినా దగ్గు తగ్గట్లేదు సరికదా తల తిరుగుతోందని వచ్చారు. ఎలా తాగుతున్నారని ఆవిడ అడిగితే ఆయన అమాయకంగా, "పూజయ్యాక ఉద్ధరిణెతో మూడుసార్లు పుచ్చుకుంటున్నానమ్మా, పూటపూటా" అన్నారు. తీర్థం అరచేతిలో పోసే ఉద్ధరిణె! కామేశ్వరి గారు నవ్వలేదు. ఆ ఉద్ధరిణె తెప్పించి, సిరంజితో నీళ్ళు పోసి కొలిచి చూపించారు. ఆయన పుచ్చుకుంటున్నది చెప్పినదానికి రెట్టింపు పైనే. "ఇది తీర్థానికండి. మందుకి ఈ మూత" అని రెండూ పక్కపక్కన పెట్టారు. ఆయన వెళ్ళాక నేను పగలబడి నవ్వితే, "ఆయన తప్పేంటి? ఇచ్చినప్పుడు మూత చూపించనివాళ్ళది తప్పు" అన్నారు. అది అంతకుముందు వారం నేను ఇచ్చిన సీసా అని ఆవిడకి తెలుసు. తెలిసీ అంతకుమించి అనలేదు.

ఇంకోసారి పెనుమూడి నుంచి ఒకావిడ ఖాళీ సీసా పట్టుకొచ్చింది. "ఇదే ఇవ్వండమ్మా, మా ఆయనకి బాగా పనిచేసింది" అంది. నేను తీసి ఇవ్వబోయాను. కామేశ్వరి గారు వెనకనుంచి, "మళ్ళీ ఆయనకేనా?" అని అడిగారు. ఆవిడ నసిగి, పిల్లాడికండి, మూడేళ్ళు అంది. సగం మూత పోద్దామనుకున్నానంది. "పెద్దల సిరప్ సగం పోస్తే పిల్లల సిరప్ అవదు తల్లీ. అంత చిన్నవాడికి నేనసలు ఏ సిరప్పూ ఇవ్వను. డాక్టరుకి చూపించు" అని వట్టి చేతులతో పంపించారు. బేరం పోయిందని నేను మొహం మాడ్చుకున్నాను. ఆవిడ అది కూడా చూశారు.

ఇన్ని చూసినదాన్ని, ఇన్ని విన్నదాన్ని, మా ఇంట్లో ఏం చేశానో ఇప్పుడు చెబుతాను. ఆ ఏడు మినుము నూర్పిళ్ళప్పుడు నాన్నకి దగ్గు పట్టుకుంది. మినుము దుమ్ము సంగతి మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, కళ్ళల్లో, ముక్కుల్లో, అన్నం కంచంలో కూడా అదే. ఊళ్ళో సగంమంది దగ్గుతున్నారు. నేను ఆదివారం ఇంటికి వెళ్తూ కఫం సిరప్ ఒక సీసా పట్టుకెళ్ళాను. నాన్న తాగాడు, కఫం పడింది, ఛాతీ తేలికైందన్నాడు. రెండు వారాల తర్వాత అయిపోయిందంటే ఇంకోటి పట్టుకెళ్ళాను. అరుగుమీద కూర్చున్నవాళ్ళకి నాన్న సీసా ఎత్తి చూపించి, "మా సునీత ఉండగా నాకు డాక్టరెందుకండి? మా డాక్టరు ఇదే" అని చెప్పేవాడు. ఆ మాటకి నాకు కొమ్ములు మొలిచాయి. ఛాతీ తేలికవుతోంది కాబట్టి మందు పనిచేస్తోందనుకున్నాను. అన్నయ్య కూతురు నాలుగేళ్ళది, తాతని వదిలేది కాదు. రోజూ ఆయన పక్కనే పడుకునేది.

మూడో సీసా సంచిలో పెట్టుకుంటున్నప్పుడు కామేశ్వరి గారు అడిగారు. శనివారం సాయంత్రం, ఆవిడ బండికి ఇంకా టైముంది.

"ఎవరికి?"

"నాన్నకండి. మినుము దుమ్ము."

"ఎన్నాళ్ళబట్టి?"

"నెల... నెల దాటిందండి."

"కఫం ఏ రంగులో పడుతోంది? సాయంత్రంపూట ఒళ్ళు వెచ్చబడుతోందా? మనిషి తగ్గాడా?"

ఇవేవీ నేను నాన్నని అడగలేదు. నెల రోజులుగా ప్రతి ఆదివారం ఆ దగ్గు వింటూనే అన్నం తిన్నాను, కబుర్లు చెప్పాను, టీవీ చూశాను.

"ఆయన చేత దగ్గించావా?" అన్నారు ఆవిడ.

"మా నాన్నండీ ఆయన" అన్నాను, ఒళ్ళు మండి. అదేం జవాబో నాకే తెలియదు. ఆవిడ నా సంచిలోంచి సీసా తీసి మళ్ళీ అరలో పెట్టేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. సొంత తండ్రికి మందు పట్టుకెళ్ళడానికి కూడా ఈవిడ అనుమతి కావాలా అని పళ్ళు నూరుకున్నాను. ఆవిడ మాత్రం ఫోన్ కలపమన్నారు. కలిపాను. నాన్న మొదట, "నమస్కారమండి అమ్మగారూ, మా అమ్మాయి బాగా చేస్తోందాండి?" అన్నాడు. ఆవిడ ఓసారి దగ్గమంటే మొహమాటపడి, తర్వాత నిజంగానే దగ్గు తెర వచ్చి చాలాసేపు ఆగలేదు. ఆ తర్వాత మాట్లాడటానికి ఆయనకి ఊపిరి అందలేదు. ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి, "సోమవారం బాపట్ల తీసుకెళ్ళి కఫం పరీక్ష, ఎక్స్‌రే తీయించు. ఇది సిరప్‌తో పోయే దగ్గు కాదేమో. కాకపోతే మంచిదే" అన్నారు.

ఆ రాత్రే ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పగానే నాన్న మంచం మీదనుంచి లేచి కూర్చున్నాడు. "కఫం పరీక్షంటే ఏంటో నాకు తెలుసు. క్షయ అనేగా ఆవిడ అనుమానం? ఊళ్ళో తెలిస్తే మన గుమ్మం ఎవరైనా తొక్కుతారా? నేను రాను" అన్నాడు. అమ్మ కూడా ఆయన వైపే. చెప్పొద్దూ, నేనూ పెద్దగా బతిమాలలేదు. పరీక్షలో ఏమీ లేదని తేలితే ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది, ఏదైనా ఉందని తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఈ రెండింటి మధ్యా నాన్న ప్రాణం సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పటికీ ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర కాకముందే మా వాకిట్లో కామేశ్వరి గారు. నాన్న ఒప్పుకోడని ముందే ఊహించినట్టున్నారు. ఉన్న ఒక్క సెలవునాడు తెనాలిలో రైలెక్కి, బాపట్లలో దిగి, బస్సు పట్టుకుని, మెయిన్‌రోడ్డు నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చారు. నాన్న కంగారుపడి చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. నెల రోజులుగా వేలాడుతోందన్నమాట. నేను అప్పుడు చూశాను.

"కాఫీ తాగండమ్మా" అన్నాడు నాన్న.

"తాగుతానండి అన్నయ్యగారూ. ముందు మీరు నాకో సాయం చెయ్యాలి."

"చెప్పండమ్మా."

"మీ అమ్మాయి మీకిచ్చిన మందు నా షాపులోది. అది సరైనదో కాదో నాకు తెలియాలి. తప్పయితే ఆ మాట మీ అమ్మాయి మీదకి రాకూడదు, నా మీదకి రావాలి. పరీక్ష చేయించుకుంటే తప్ప అది తేలదండి."

జబ్బు పేరు ఆవిడ ఎత్తనే లేదు. తన కోసమని చెబితే వినని మనిషి, కూతురి మాట పోతుందనేసరికి మెత్తబడ్డాడు. నా వైపు ఒకసారి చూసి, "దాని మీద మాట రానివ్వనండి. రేపే వెళ్తాం" అన్నాడు. ఆవిడ కాఫీ తాగి, పొద్దున లేవగానే లోపలినుంచి దగ్గితే వచ్చే కఫమే పరీక్షకి పనికొస్తుందని, ఉమ్ము కాదని వివరంగా చెప్పి, పరీక్ష తేలేదాకా పాపని ఆయన పక్కన పడుకోబెట్టొద్దని అమ్మని లోపలికి పిలిచి చెప్పి, మళ్ళీ అదే ఎండలో వెళ్ళిపోయారు. బస్సు దాకా వస్తానన్నా వద్దన్నారు.

క్షయే. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, కఫంలో క్రిములు. బాపట్ల ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుగారు ఫిల్మ్ వెలుతురుకి పట్టుకుని చూసి, "ఇన్నాళ్ళు ఏం వాడారు?" అని అడిగారు. నాన్న చటుక్కున, "ఏదో నాకు తోచింది నేనే తాగానండి" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సిరప్ వల్ల జబ్బు రాలేదని, ముదరనూ లేదని, అది కఫాన్ని కదిలించి ఆయనకి హాయిగా ఉన్నట్టు చేసిందని, ఆ హాయిని నమ్ముకుని నెల పోగొట్టామని డాక్టరుగారు చెప్పారు. ఇంకా ఆలస్యం కాలేదు, ఆరు నెలలు మందులు మానకుండా వాడితే నయమవుతుందన్నారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. పాపకి జబ్బు లేదు గాని, రాకుండా మందు మొదలుపెట్టారు. ఏమీ ఎరగని ఆ పిల్ల రోజూ మాత్ర మింగుతూ, "అత్తా, ఇది నువ్వు పంపించావా?" అని అడిగేది.

క్షయని తేలిన మర్నాడు షాపుకి వెళ్ళాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, ఉన్నా నేను చేయగలనో లేదో తెలియదు. కామేశ్వరి గారు సీసాల దుమ్ము తుడుస్తున్నారు. నేను విషయం చెప్పి, అక్కడే గచ్చుమీద కూలబడి ఏడ్చాను. మీరు అడిగినందుకు మిమ్మల్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో అని కూడా చెప్పేశాను. నేను అప్పుడే చెప్పానుగా అంటారని ఎదురుచూశాను. అనదగ్గ హక్కు ఆవిడకి ఉంది.

ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, ముక్కాలిపీట లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "నువ్వు రెండో సీసా పట్టుకెళ్ళిన రోజు నేను చూశాను సునీతా" అన్నారు. "ఎవరికో అడుగుదామని నోటిదాకా వచ్చింది. సొంత ఇంటి విషయం, పిల్ల నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాను. దారినపోయేవాళ్ళ చేత దగ్గించేదాన్ని, నా దగ్గర పనిచేసే పిల్లని అడగడానికి మొహమాటపడ్డాను. ఆ రెండు వారాలూ ఆ పసిది ఆయన పక్కనే పడుకుంది. నీకు తెలియక చేశావు. నేను తెలిసి ఊరుకున్నాను."

ఆ కళ్ళజోడు వెనక కళ్ళు తడిశాయి. ఆవిడ అలా కంటతడి పెట్టడం అంతకుముందు గాని ఆ తర్వాత గాని నేను చూడలేదు. తప్పంతా నా ఒక్కదాని నెత్తిన ఉందనుకుని వచ్చినదాన్ని, అందులో సగం ఆవిడ తీసి తన నెత్తిన పెట్టుకున్నారు. నన్ను ఓదార్చడానికి పెట్టుకున్నది కాదు. నిజంగానే ఆవిడ అలా అనుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కలిసి పనిచేశాం. నా సొంత షాపు బాపట్లలో తెరిచినప్పుడు ఆవిడ వచ్చి సిరప్పుల అర తనే సర్దారు, కఫానివి ఒక వైపు, పొడిదగ్గువి ఇంకో వైపు, మధ్యలో జానెడు ఖాళీ వదిలి. రెండేళ్ళ కిందట తెనాలిలో పోయారు. నాన్న కబురు వినగానే చెప్పులు వేసుకున్నాడు. అక్కడ ఆవిడ భర్త చేతులు పట్టుకుని, "మీ ఆవిడ ఓ ఆదివారం మా ఇంటికొచ్చి కాఫీ తాగారండి, అందుకే నేను ఇవాళ ఇక్కడికి రాగలిగాను" అన్నాడు. ఆ పెద్దాయనకి ఆ సంగతేమీ తెలియదు. ఆవిడ ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మందుల పేర్లు చాలావరకు మారిపోయాయి. మిగిలింది ఒక్కటే. ఎవరైనా అదే మనిషికి రెండో సీసా అడిగితే నేను ఇవ్వను. ఎన్నాళ్ళబట్టి, జ్వరముందా, కఫంలో ఎరుపేమైనా కనిపించిందా, మనిషి తగ్గాడా అని అడుగుతాను, రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికే పంపిస్తాను. కామేశ్వరి గారు మొహమాటపడి వదిలేసింది ఆ రెండో సీసా దగ్గరే. పోయిన వారం చుండూరు వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ళ నాన్న కోసం వచ్చింది. ఇన్ని ప్రశ్నలేంటండీ, మా నాన్న సంగతి మాకు తెలీదా అని విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనకాలే దిగి, బస్సెక్కేలోపు ఆసుపత్రి దారి చెప్పి వచ్చాను. ఆ పిల్ల నా వైపు తిరిగి చూడలేదు. నాకు కోపం రాలేదు. నేనూ ఒకప్పుడు అలాగే వెళ్ళాను, మా నాన్న ఇంకా బతికే ఉన్నాడు.